అట్ట మీది మాట

సరుకు గురించి చెప్పేది ఇప్పుడు అమ్మేవాళ్లు కాదు, దాన్ని చుట్టిన కవరు. ఆ కవరు మీద ఏది పెద్దగా రాశారు, ఏది చిన్నగా రాశారు, ఏ భాషలో రాశారు అన్నదాని మీదే మన డబ్బూ, ఆరోగ్యమూ ఆధారపడి ఉన్నాయి. అగ్గిపెట్టె బొమ్మ నుంచి ఆవకాయ సీసా దాకా లేబుళ్ల కథ ఇది.

చంటిబిడ్డకు విరేచనాలు పట్టుకుంటే తల్లి ముందు పరుగెత్తేది మందుల షాపుకే. ‘ఓఆర్‌ఎస్‌ ఇవ్వండి’ అంటుంది. చేతికొచ్చిన రంగుల అట్టడబ్బా మీద ఆ మూడక్షరాలు కనపడగానే నమ్మేస్తుంది. ఇంటికొచ్చి స్ట్రా గుచ్చి బిడ్డకు పట్టిస్తుంది. కొన్నేళ్లపాటు మార్కెట్లో అలా అమ్ముడైన డబ్బాలు కొన్నింటిలో ఉన్నది ఓఆర్‌ఎస్‌ కాదు, పండ్ల రుచి కలిపిన తీపి పానీయం. ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు చేసిన ఓఆర్‌ఎస్‌ కాదన్న గమనిక కూడా వాటి మీద ఉండేది. చిన్న అక్షరాల్లో, ఇంగ్లిషులో.

అసలైన ఓఆర్‌ఎస్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ కచ్చితమైన కొలత పెట్టింది. లీటరు నీటికి ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5 గ్రాములు, పొటాషియం క్లోరైడ్‌ 1.5 గ్రాములు, ట్రైసోడియం సిట్రేట్‌ 2.9 గ్రాములు. అన్నీ కలిపి 20.5 గ్రాములు. ఈ పాళ్లలో తీపి ఎక్కువైతే పేగుల్లోకి నీరు ఇంకా చేరి విరేచనాలు ముదురుతాయి. అందుకే హైదరాబాద్‌కు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్‌ శివరంజని సంతోష్‌ ఆ మూడక్షరాల మీద దాదాపు ఎనిమిదేళ్లు పోరాడారు. ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐకి ఫిర్యాదులు చేశారు, తెలంగాణ హైకోర్టు తలుపు తట్టారు, సామాజిక మాధ్యమాల్లో తల్లిదండ్రులను హెచ్చరిస్తూ వచ్చారు. చివరికి 2025 అక్టోబరు 14న ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దిగివచ్చింది. ఆహార పానీయాల పేర్లలో ఓఆర్‌ఎస్‌ అన్న మాటను వాడుకోవడానికి 2022లోనూ, 2024లోనూ ఇచ్చిన అనుమతులను వెనక్కి తీసుకుంది.

ప్యాకెట్లు తయారుచేసే ప్రతి ఒక్కరూ నేర్చుకోవలసిన సంగతి ఈ పోరాటంలో ఉంది. గమనిక ముద్రించారు కాబట్టి కాగితం మీద చూస్తే తప్పేమీ లేదు. కానీ కొనేవాళ్ల కన్ను ముందు పెద్ద అక్షరాల మీదే పడుతుంది, చేయి అక్కడే నిర్ణయం తీసేసుకుంటుంది. పెద్ద అక్షరాలు ఒకటి చెప్పి, చిన్న అక్షరాలు దాన్ని కాదంటే నిజం చెప్పినట్టు కాదు. మంచి లేబుల్‌కు కొలత ఒక్కటే. కొనేవాళ్లకు కావలసిన నిజం వాళ్ల చూపు పడే చోట, వాళ్లకు అర్థమయ్యే మాటల్లో ఉందా? రంగూ, బొమ్మా, ఆకారమూ ఆ ప్రశ్నకు జవాబు చెప్పిన తరువాతే.

బొమ్మ చూసి కొన్న రోజులు

చదువు కొద్దిమందికే అందిన కాలంలో లేబుల్‌ అంటే బొమ్మే. మాంచెస్టర్‌ మిల్లుల నుంచి ఓడల్లో వచ్చిన బట్టల తానులకు దేవుళ్ల బొమ్మలూ, ఏనుగులూ, పులులూ ఉన్న రంగు కాగితాలు అతికించి పంపేవారు. మిల్లు పేరు చదవలేని వ్యాపారి కూడా బొమ్మ గుర్తుపట్టి, మళ్లీ అదే సరుకు కావాలని అడిగేవాడు. తెలుగు ఊళ్లలోనూ అంతే. కోతి మార్కు పళ్లపొడి, చార్మినార్‌ సిగరెట్టు, మూడు గులాబీల టీ... కొట్టు ముందు నిలబడి సరుకు పేరు కాకుండా దాని మీది గుర్తు చెప్పి అడగడం మన పెద్దలందరికీ అలవాటు.

ఈ బొమ్మల అవసరమే ఒక ఊరిని అచ్చు పరిశ్రమకు రాజధానిగా మార్చింది. 1920ల తొలినాళ్లలో తమిళనాడులోని శివకాశి నుంచి అయ్య నాడార్‌, షణ్ముగ నాడార్‌ కలకత్తా వెళ్లి అగ్గిపెట్టెల తయారీ నేర్చుకొచ్చారు. శివకాశిలో వానలు తక్కువ, ఎండ ఎక్కువ. పుల్లలు ఆరడానికి అంతకన్నా అనువైన చోటు దొరకదు. పెట్టెలు తయారయ్యాక వాటికి రంగుల లేబుళ్లు కావలసివచ్చాయి. వాటి కోసం అక్కడే అచ్చు యంత్రాలు వెలిశాయి. లేబుళ్లతో చేయి తిరిగిన ఆ ప్రెస్సులే తరువాత క్యాలెండర్లూ, డైరీలూ దేశమంతటికీ పంపాయి.

తెలుగువాళ్లు సృష్టించిన సరుకుల్లో గుర్తుతో నిలిచిన తొలితరం పేరు అమృతాంజనం. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో దాన్ని మొదలుపెట్టారు. సంగీత కచేరీలకు వచ్చినవాళ్లకు ఉచితంగా పంచి అలవాటు చేశారు. అరచేతిలో ఇమిడే చిన్న సీసా, పసుపు రంగు లేపనం. పేరు చదవకపోయినా దాన్ని పోల్చుకోలేని ఇల్లు ఉండేది కాదు. ఆ వ్యాపారంలో వచ్చిన రాబడే 1908లో ఆయన స్థాపించిన ఆంధ్రపత్రికకు అండ అయింది.

హైదరాబాద్‌లో 1920లో పుట్టిన జిందా తిలిస్మాత్‌ది మరో దారి. హకీం మహమ్మద్‌ మొయిజుద్దీన్‌ ఫారూఖీ తయారుచేసిన ఈ మందుకు గుర్తు నిజాం సైన్యంలో పనిచేసిన ఆఫ్రికా సంతతి సైనికుడి బొమ్మ. దృఢంగా నిలబడిన ఆ మనిషిని చూస్తే మందు సత్తా మీద నమ్మకం కుదురుతుందని ఆయన ఆలోచన. రాజ్యం మారింది, రాష్ట్రాలు మారాయి. వందేళ్లు దాటినా ఆ గుర్తు మాత్రం మారలేదు.

చిన్న పొట్లం తెచ్చిన మార్పు

ఒకప్పుడు షాంపూ అంటే సీసా, సీసా అంటే డబ్బున్నవాళ్ల ఇల్లు. తమిళనాడులోని కడలూరుకు చెందిన చిన్ని కృష్ణన్‌కు ఈ లెక్క నచ్చలేదు. కూలీలూ, రిక్షా తొక్కేవాళ్లూ కొనగలిగినప్పుడే సరుకు నిలబడుతుందని ఆయన నమ్మారు. షాంపూను ఒక తలస్నానానికి సరిపడా ప్లాస్టిక్‌ పొట్లంలో నింపారు. ఆయన కుటుంబం దాన్ని వెల్వెట్‌ పేరుతో అమ్మింది. కుమారుడు సి.కె.రంగనాథన్‌ వేరుపడి 1983లో 15 వేల రూపాయల పెట్టుబడితో చిక్‌ షాంపూ మొదలుపెట్టారు. ఏ కంపెనీవైనా సరే ఐదు ఖాళీ పొట్లాలు తెచ్చిస్తే ఒక చిక్‌ పొట్లం ఉచితమని ప్రకటించారు. జనం అలవాటు పడ్డాక, ఖాళీ పొట్లాలు చిక్‌వే అయి ఉండాలన్నారు. తరువాత పెద్ద కంపెనీలన్నీ ఆ దారి పట్టాయి. పల్లెల్లో కిరాణా కొట్టు ముందు తోరణాల్లా వేలాడే షాంపూ, కాఫీపొడి, పచ్చడి పొట్లాలకు మూలం కడలూరులో ఉంది.

ఇక్కడ మారింది షాంపూ కాదు, దాన్ని చుట్టిన తీరు. ధరను మనిషి రోజుకూలికి అందే ఎత్తుకు దించింది కవరే.

ఆ మేలుతోపాటు రెండు చిక్కులూ వచ్చాయి. పొట్లం పలచగా కనపడినా దానిలో వేర్వేరు పదార్థాల పొరలుంటాయి. ఆ పొరలను విడదీసి మళ్లీ వాడుకోవడం కష్టం కాబట్టి చెత్త ఏరేవాళ్లు కూడా వాటిని ముట్టుకోరు. అవన్నీ మురుగుకాల్వల్లో, చెరువుల్లో తేలుతున్నాయి. రెండో చిక్కు చోటుది. 100 చదరపు సెంటీమీటర్ల కన్నా చిన్న ఆహార ప్యాకెట్ల మీద పదార్థాల జాబితా, పోషకాల పట్టిక లేకపోయినా ఫర్వాలేదని నిబంధనలు మినహాయింపు ఇచ్చాయి. ఆ వివరాలు, ప్యాకెట్లను నింపి పంపే పెద్ద అట్టపెట్టె మీద ఉంటే చాలు. కానీ పెద్ద అట్టపెట్టెను చూసేది కొట్టు యజమానే. ఐదు రూపాయల పొట్లం కొనే పిల్లవాడికి అది ఎప్పటికీ కనపడదు.

అలవాటైన ముఖం మారిస్తే

సూపర్‌ మార్కెట్‌ అరలో సరుకును మనం చదవం, పోల్చుకుంటాం. ఈ తేడా తెలియక నష్టపోయిన కంపెనీ కథను డిజైన్‌ పాఠాల్లో ఇప్పటికీ చెబుతారు. అమెరికాలో ట్రాపికానా నారింజ రసం డబ్బా మీద ఏళ్ల తరబడి ఒక నారింజ పండూ, దానిలో గుచ్చిన స్ట్రా ఉండేవి. 2009 జనవరిలో కంపెనీ ఆ బొమ్మ తీసేసి, గ్లాసులో పోసిన రసం బొమ్మ వేసింది. అక్షరాల తీరూ మార్చింది. కొత్త డబ్బా చూడటానికి బాగానే ఉంది. కానీ రోజూ కొనేవాళ్లకు తమ డబ్బా కనపడలేదు. రెండు నెలలు తిరక్కుండానే అమ్మకాలు దాదాపు 20 శాతం పడిపోయాయి. ఫిబ్రవరిలోనే కంపెనీ పాత డబ్బాను వెనక్కి తెస్తున్నట్టు ప్రకటించింది. లోపల రసం మొదటి నుంచీ అదే.

దీనికి ఎదురు ఉదాహరణ కోకాకోలా సీసా. చీకట్లో తడిమినా, పగిలి కింద పడి ఉన్నా గుర్తుపట్టేలా ఉండాలని కంపెనీ అడిగితే ఇండియానా రాష్ట్రంలోని రూట్‌ గ్లాస్‌ కంపెనీ 1915లో ఆ వంపుల సీసాను రూపొందించింది. కన్నుతోపాటు వేళ్లు కూడా సరుకును గుర్తుపెట్టుకుంటాయని ఆ పనివాళ్లకు తెలుసు. చూపు తక్కువైన పెద్దవాళ్లు ఇంట్లో మందు సీసాలను తడిమి పోల్చుకోవడం చూసినవాళ్లకు ఆ తెలివి విలువ అర్థమవుతుంది.

కవరు చేసే కాపలా

ప్యాకెట్‌ మొదటి బాధ్యత సరుకును కాపాడటం. గాలి, వెలుతురు, తేమ, నూనె, కుదుపు అనే ఐదు శత్రువుల నుంచి. ఏ సరుకుకు ఏ శత్రువు ముఖ్యమో తెలుసుకున్నాకే కవరు ఎంచుకోవాలి.

చిప్స్‌ ప్యాకెట్‌ గాలితో ఉబ్బి ఉంటుందని చాలామంది విసుక్కుంటారు. అందులో నింపేది మామూలు గాలి కాదు, నైట్రోజన్‌. ఆక్సిజన్‌ తగిలితే నూనె ముక్కవాసన వస్తుంది. దాన్ని ఆపడానికీ, ప్రయాణంలో ముక్కలు నలగకుండా ఉండటానికీ నైట్రోజన్‌ పనికొస్తుంది. లోపలి వెండి మెరుపు వెలుతురునూ తేమనూ అడ్డుకునే పలచటి లోహపు పూత.

అరకు కాఫీది మరో అవసరం. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ అరాబికా గింజలను వేయించాక కొద్ది రోజులపాటు వాటి నుంచి కార్బన్‌ డయాక్సైడ్‌ వస్తూనే ఉంటుంది. వెంటనే గట్టిగా మూసేస్తే సంచి ఉబ్బి పగులుతుంది. తెరిచి ఉంచితే సువాసన పోతుంది. అందుకే మంచి కాఫీ సంచులకు చొక్కా గుండీ అంత వాల్వు పెడతారు. లోపలి వాయువు బయటికి పోతుంది, బయటి గాలి లోపలికి రాదు.

2023లో భౌగోళిక గుర్తింపు దక్కిన ఆత్రేయపురం పూతరేకులకు తేమా, కుదుపూ రెండూ శత్రువులే. రేకు ఎంత పలచనైతే అంత రుచి, అంత సున్నితం కూడా. తేమ తగిలితే మెత్తబడుతుంది, ఒత్తిడి పడితే పొడి అవుతుంది. ఒక్కొక్క చుట్టనూ విడిగా కాగితంలో చుట్టి, వంగని గట్టి పెట్టెలో సందు లేకుండా పేర్చినప్పుడే అది గోదావరి దాటి హైదరాబాద్‌కూ, విమానమెక్కి డల్లాస్‌కూ క్షేమంగా చేరుతుంది.

ఇక పచ్చడి. ఉప్పూ, పులుపూ కలిసి మామూలు ఇనుప మూతను తినేస్తాయి కాబట్టి లోపల పూత ఉన్న మూత కావాలి. నూనె ఎంత సన్నటి సందు నుంచైనా పాకుతుంది కాబట్టి మూత కింద రేకు సీలు వేయాలి. ఎంత జాగ్రత్తపడ్డా సీసా పైకి కొంత నూనె వస్తుంది. కాగితం లేబుల్‌ దాన్ని పీల్చుకుని నాలుగు రోజుల్లో అక్షరాలు అలుక్కుపోతాయి. చిన్న తయారీదార్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ప్లాస్టిక్‌ ఫిల్మ్‌ మీద ముద్రించిన లేబుల్‌కు కొంచెం ఖర్చు ఎక్కువైనా, సీసా ఖాళీ అయ్యేదాకా పేరు చెరగదు.

ప్యాకెట్‌ను వెనక్కి తిప్పండి

ముందువైపు కంపెనీ చెప్పదలచుకున్నది ఉంటుంది. వెనకవైపు చట్టం చెప్పించినది ఉంటుంది. తయారీదారు పేరు, చిరునామా, నికర బరువు, అన్ని పన్నులతో కలిపి గరిష్ఠ ధర, తయారీ తేదీ, ఫిర్యాదు చేయడానికి ఫోన్‌ నంబరు ఉండాలని తూనికలు, కొలతల నిబంధనలు చెబుతున్నాయి. గ్రాముకో, కిలోకో, లీటరుకో ధర ఎంత పడుతుందో కూడా ముద్రించాలన్న నియమం వచ్చింది. ధర అదే ఉంచి బరువు తగ్గించే కిటుకును పట్టుకోవడానికి ఇది మంచి ఆయుధం. ఆహారమైతే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చిన 14 అంకెల నంబరు తప్పనిసరి.

శాకాహారానికి ఆకుపచ్చ చదరంలో ఆకుపచ్చ చుక్క అందరికీ తెలుసు. మాంసాహారానికి ఒకప్పుడు గోధుమరంగు చుక్క ఉండేది. ఇప్పుడు దాని స్థానంలో గోధుమరంగు త్రికోణం వచ్చింది. ఆకుపచ్చకూ గోధుమరంగుకూ తేడా పోల్చుకోలేని దృష్టిలోపం ఉన్నవాళ్లు ఆకారం చూసి తెలుసుకోవాలని చేసిన మార్పు ఇది. చిన్న మార్పే, కానీ చదివేవాళ్లను మనసులో పెట్టుకుని చేసినది.

పదార్థాల జాబితాకు ఒక క్రమం ఉంది. ఏది ఎక్కువుంటే అది ముందు. ముందువైపు రాగి కంకులు, జొన్న కంకులు బొమ్మ వేసి, వెనక జాబితా మైదాతో మొదలైతే ఆ బిస్కెట్‌ ప్రధానంగా మైదాదే. జాబితాలో ఆహార సంకలితాలకు గుర్తుగా కనపడే ఐఎన్‌ఎస్‌ అంకెలన్నీ విషాలని బెదిరిపోనక్కర్లేదు. 330 అంటే నిమ్మఉప్పు, 500 వంటసోడా జాతి, 322 లెసిథిన్‌. 621 అంటే మోనోసోడియం గ్లుటమేట్‌, 211 అంటే పచ్చళ్లు, సాస్‌లు నిలవ ఉండటానికి వాడే సోడియం బెంజోయేట్‌. తెలిసి కొంటున్నామా లేదా అన్నదే ముఖ్యం.

పోషకాల పట్టికలో రెండు లెక్కలు వస్తే చాలు. మొదటిది చక్కెర. పట్టికలో శాతాలకు ఆధారంగా తీసుకునే రోజువారీ పరిమితి, విడిగా కలిపిన చక్కెరకు 50 గ్రాములు. 100 మిల్లీలీటర్లకు 12 గ్రాముల చక్కెర కలిపారని రాసి ఉన్న పానీయం 200 మిల్లీలీటర్ల డబ్బా తాగితే 24 గ్రాములు, అంటే దాదాపు సగం కోటా ఒక్క గుక్కలో అయిపోయినట్టే. రెండోది ఉప్పు. పట్టికలో ఉండేది సోడియం. దాన్ని రెండున్నరతో గుణిస్తే ఉప్పు వస్తుంది. 800 మిల్లీగ్రాముల సోడియం అంటే 2 గ్రాముల ఉప్పు. రోజు మొత్తానికి 5 గ్రాములు మించకూడదు. ‘ఒక సర్వింగ్‌కు’ అన్న వరుస చూసి మోసపోవద్దు. 20 గ్రాములను ఒక సర్వింగ్‌గా చూపించిన 100 గ్రాముల ప్యాకెట్‌ను మనింట్లో ఒక్కరే పూర్తిచేస్తారు.

తేదీల్లోనూ తేడా ఉంది. ‘బెస్ట్‌ బిఫోర్‌’ రుచి, నాణ్యత బాగుండే గడువు. ‘యూజ్‌ బై’, ‘ఎక్స్‌పైరీ’ దాటితే తినకూడదు. 2020 నాటి లేబుల్‌ నిబంధనలు ఈ రెండోదాన్నే తప్పనిసరి చేశాయి. బార్‌కోడ్‌ గురించీ ఒక అపోహ ఉంది. 890తో మొదలైతే భారత్‌లో తయారైనట్టు కాదు. ఆ నంబరును బార్‌కోడ్‌లు ఇచ్చే సంస్థ జీఎస్‌1 ఇండియా కేటాయించిందని మాత్రమే దాని అర్థం.

హైదరాబాద్‌ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో లేబుల్‌ చదివి ఎంచుకోమన్నది ఒక ప్రధాన సూచన. లేబుల్‌ మాటలు తప్పుదారి పట్టించవచ్చని కూడా ఆ సంస్థ హెచ్చరించింది. ‘షుగర్‌ ఫ్రీ’ అన్న ఆహారంలో కొవ్వు దండిగా ఉండవచ్చనీ, పండ్ల రసం పేరుతో అమ్మేదాంట్లో గుజ్జు కొద్దిగానే ఉండవచ్చనీ వివరించింది. ఆ మరుసటి నెలలోనే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, ‘100 శాతం పండ్ల రసం’ అన్న మాటను ప్యాకెట్ల మీద నుంచి తీసేయాలని కంపెనీలను ఆదేశించింది. చిలీ దేశం ఇంకా ముందుకు వెళ్లింది. చక్కెర, ఉప్పు, కొవ్వు మితిమీరితే ప్యాకెట్‌ ముందువైపే నల్లటి అష్టభుజి ముద్రించాలని 2016 నుంచి అమలు చేస్తోంది. చదువు రాని వాళ్లకైనా ఆ నల్ల గుర్తు అర్థమవుతుంది.

చేనులోనూ, మందుల అరలోనూ

రంగుతో ప్రాణం కాపాడే లేబుల్‌ మన రైతుల చేతికి రోజూ వస్తుంది. పురుగుమందు డబ్బా మీద మూల మీద నిలబెట్టిన చదరం ఉంటుంది. దాని కింది సగంలో ఉన్న రంగే ఆ మందు ఎంత విషమో చెబుతుంది. ఎరుపు అత్యంత విషం, పుర్రె గుర్తు దానికే ఉంటుంది. తరువాత పసుపు, నీలం, చివర ఆకుపచ్చ. ఆకుపచ్చ ఉంటే క్షేమమని కాదు, మిగతావాటి కన్నా విషం తక్కువని. గుంటూరు మిరప చేలలో, వరంగల్‌ పత్తి చేలలో మందు కలిపే ప్రతి కూలీకీ ఈ నాలుగు రంగులు కంఠతా వచ్చి ఉండాలి.

విత్తన సంచికి కట్టే చీటీకీ రంగుల భాష ఉంది. ప్రజనన విత్తనానికి బంగారు పసుపు, మూల విత్తనానికి తెలుపు, ధ్రువీకరించిన విత్తనానికి లేత నీలం. నకిలీ విత్తనాలతో ఏటా నష్టపోయే ప్రాంతంలో ఈ చీటీని పంట చేతికి వచ్చేదాకా దాచుకోవడం రైతుకు రక్షణ.

మందుల అట్టల మీదా కొన్ని మంచి మార్పులు వచ్చాయి. ఎడమవైపు నిలువుగా ఎర్రగీత ఉంటే డాక్టర్‌ చీటీ లేకుండా వాడకూడదు. యాంటీబయాటిక్‌లను ఇష్టం వచ్చినట్టు మింగడాన్ని ఆపాలని 2016లో కేంద్రం ఈ ఎర్రగీత మీద ప్రచారం మొదలుపెట్టింది. మందు అసలు పేరును కంపెనీ పేరు కన్నా రెండు సైజులు పెద్దగా ముద్రించాలన్న నియమం 2018లో వచ్చింది. ఎక్కువగా అమ్ముడయ్యే 300 బ్రాండ్లకు 2023 ఆగస్టు నుంచి క్యూఆర్‌ కోడ్‌ తప్పనిసరి అయింది. సెల్‌ఫోన్‌తో స్కాన్‌ చేస్తే తయారీదారు, బ్యాచ్‌, గడువు కనపడతాయి.

ఇంటి పచ్చడికి లేబుల్‌ రాయాలంటే...

స్వయం సహాయక సంఘాల మహిళలూ, ఊళ్లో పిండివంటలు చేసి అమ్మేవాళ్లూ ఇప్పుడు ఆన్‌లైన్‌లో, విదేశాల్లో కొనుగోలుదార్లను వెతుక్కుంటున్నారు. చేతిలో రుచి ఉన్నవాళ్లు లేబుల్‌ దగ్గర తడబడకూడదు. కొన్ని సంగతులు గుర్తుంచుకుంటే చాలు.

ముందువైపు మూడే విషయాలు చెప్పండి: మీ పేరు, సరుకు పేరు, బరువు. పది విశేషణాలు కుక్కితే ఏదీ కంటికి ఆనదు. కొట్టులో అర నుంచి ఆరడుగుల దూరంలో నిలబడి సరుకు పేరు చదవగలుగుతున్నామో లేదో అచ్చు వేయించేముందే చూసుకోండి.

సీసా లోపలిదాన్ని కనపడనివ్వండి. గోంగూర రంగు గోంగూరే చెప్పాలి. లేబుల్‌ మీద తళతళలాడే ఫొటో వేసి లోపల వేరే రంగు ఉంటే రెండోసారి ఎవరూ కొనరు.

తయారీ తేదీ, బ్యాచ్‌ నంబరు చెరగని సిరాతో కొట్టించండి. ఏదైనా తేడా వస్తే ఆ ఒక్క బ్యాచ్‌ను వెనక్కి తెప్పించుకోవచ్చు. లేకపోతే సరుకంతా అనుమానంలో పడుతుంది.

‘ఆరోగ్యకరం’, ‘రోగాలు నయం చేస్తుంది’ లాంటి మాటలు రాయకండి. రుజువు చూపలేని మాట చట్టానికి దొరుకుతుంది.

అలర్జీ కలిగించే పదార్థాలను విడిగా చెప్పండి. మన పచ్చళ్ల విషయంలో ఇది మరీ ముఖ్యం. నువ్వులను ప్రధాన అలర్జీ పదార్థాల్లో చేర్చిన చట్టం అమెరికాలో 2023 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఐరోపా సమాఖ్య జాబితాలోని 14 పదార్థాల్లో నువ్వులూ, ఆవాలూ రెండూ ఉన్నాయి. మన దేశపు జాబితాలో ఆ రెండూ లేవు. అంటే ఇక్కడ చెల్లిన ఆవకాయ లేబుల్‌ అక్కడ చెల్లదు. నువ్వులనూనెతో కలిపిన, ఆవపిండి పట్టించిన సీసాను బంధువుల ఇంటికి కాక దుకాణానికి పంపేటప్పుడు ఆ దేశపు నిబంధన ప్రకారం కొత్త లేబుల్‌ వేయించాలి. అలర్జీ ఉన్నవాళ్లకు అది ప్రాణాల మీదకు వచ్చే విషయం.

ఇవన్నీ నేర్పడానికి సంస్థలున్నాయి. 1966లో ఏర్పడిన భారతీయ ప్యాకేజింగ్‌ సంస్థకు హైదరాబాద్‌లో కేంద్రం ఉంది. చిన్న ఆహార పరిశ్రమల కోసం 2020లో కేంద్రం మొదలుపెట్టిన పీఎంఎఫ్‌ఎంఈ పథకం యంత్రాలకు రాయితీ ఇవ్వడంతోపాటు బ్రాండింగ్‌కూ, ప్యాకేజింగ్‌కూ సాయం అందిస్తుంది.

మరి తెలుగు ఎక్కడ?

ఆహార ప్యాకెట్‌ మీద తప్పనిసరి వివరాలు ఇంగ్లిషులోనో, దేవనాగరి లిపిలోని హిందీలోనో ఉండాలని నిబంధన. ఇతర భాషలు అదనంగా వేసుకోవచ్చు, వేయకపోయినా అడిగేవారు లేరు. పురుగుమందుల నిబంధనలు మాత్రం అమ్మే ప్రాంతంలోని భాష కూడా ఉండాలంటున్నాయి. డబ్బాలోని కరపత్రంలో తెలుగు కనపడేది అందుకే. పంటకు కొట్టే మందు దగ్గర గుర్తొచ్చిన ప్రాంతీయ భాష, బిడ్డకు పట్టించే పానీయం దగ్గర గుర్తురాకపోవడం న్యాయం కాదు. ఆ తల్లి చేతిలోని డబ్బా మీద ‘ఇది ఓఆర్‌ఎస్‌ కాదు’ అని తెలుగులో, పెద్దగా రాసి ఉంటే అసలు ఆ ఎనిమిదేళ్ల పోరాటం అవసరమయ్యేదా?

తెలుగులో ముద్రించడానికి చోటు చాలదన్నది కంపెనీలు చెప్పే కారణం. దానిలో కొంత నిజముంది. తెలుగు అక్షరానికి పైన తలకట్టు, గుడి, కింద వత్తు ఉంటాయి. ఇంగ్లిషు అక్షరాల సైజులోనే తెలుగు వేస్తే వత్తులు కింది వరుసకు తగిలి ముద్దయిపోతాయి. వరుసల మధ్య ఎడం ఎక్కువ ఇవ్వాలి, అక్షరం కొంచెం పెద్దది వేయాలి. ఇది డిజైనర్‌ ముందే ఆలోచించుకోవలసిన పని. ఇంగ్లిషు లేబుల్‌ పూర్తయ్యాక మిగిలిన మూలలో తెలుగు ఇరికిస్తే అలాగే ఉంటుంది. మంచి అక్షరాలకు కొరత లేదు. సిలికానాంధ్ర సంస్థ ఉచితంగా అందుబాటులోకి తెచ్చిన మల్లన్న, రామభద్ర, మండలి వంటి ఫాంట్లను ఎవరైనా వాడుకోవచ్చు. పోషకాల పట్టిక మొత్తం పట్టకపోతే కనీసం నాలుగు విషయాలైనా తెలుగులో ఉండాలి: సరుకు అసలు పేరు, గడువు తేదీ, వాడే పద్ధతి, హెచ్చరిక.

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ, సహకార సంస్థలు పాలు, తేనె, కాఫీ, నూనెలు అమ్ముతున్నాయి. ఆ నాలుగు వివరాలనూ తెలుగులో, చదవగలిగే సైజులో ముద్రించడానికి వాటికి ఏ కేంద్ర నిబంధనా అడ్డు రాదు. ముందు అవి మొదలుపెట్టాలి. ఆ తరువాత ఆహార ప్యాకెట్ల మీద అమ్మే ప్రాంతపు భాషను తప్పనిసరి చేయాలని రెండు ప్రభుత్వాలూ కలిసి కేంద్రాన్ని అడగాలి. కొనేవాళ్లుగా మనం చేయగలిగిందీ ఉంది. డబ్బు చెల్లించేముందు ప్యాకెట్‌ను ఒక్కసారి వెనక్కి తిప్పండి. అర్థం కాకపోతే దాని మీదున్న నంబరుకు ఫోన్‌ చేసి, తెలుగులో ఎందుకు ముద్రించలేదని అడగండి.